పసుపు పెట్టని చీర

"తీసెయ్యి బిడ్డా," అన్నాడు రాజయ్య మూడోసారి.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సృజనకు కొంచెం తేలికగా ఉండేది.

దుకాణం షట్టర్ సగానికి దించి ఉంది. బతుకమ్మ పండుగ పది రోజులుందనగా, పొద్దున పదిన్నరకు, రాజన్న వస్త్రాలయం షట్టర్ అట్లా దిగి ఉండటం జమ్మికుంట బజారు ఎన్నడూ చూడలేదు. ఇద్దరు ఆడవాళ్లు వంగి లోపలికి చూశారు. "ఏమైందో ఏమో," అనుకుంటూ ఎదురు దుకాణం మెట్లెక్కారు.

వాళ్లు పోయినంత దూరం రంజిత్ చూశాడు.

"తీసేస్తే ఏమైతదో ఎరుకనా బాపూ నీకు? నవీన మేడం మూడు గంటలకు హైదరాబాద్ నుంచి వస్తుంది. గా పోస్టు చూసే వస్తుంది. వాళ్ల ఆఫీసుల ఆడోళ్లకు నాలుగు వందల చీరెలు కావాల్నట. మాల్ తెరిచినకాంచి మన దుకాణంల గన్ని చీరెలు ఏడాది మొత్తంల పోయినయా?"

"తీసెయ్యమన్న."

"ఎందుకో జెప్పు మరి. పొద్దటి సంది తీసెయ్యి తీసెయ్యి అనుడే గాని, ముచ్చటేందో జెప్పవైతివి."

రాజయ్య ముందు చాయ్ గ్లాసు ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది.

పండుగ సరుకు కోసం రెండు రోజులు సిరిసిల్లలో ఉండి, పొద్దున మొదటి బస్సుకే వచ్చాడాయన. వచ్చీ రాగానే రంజిత్ సంతోషం పట్టలేక పెళ్లాం రాసిన పోస్టు చదివి వినిపించాడు. సృజన ఇంగ్లీషులో రాసింది. రంజిత్ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. సగానికి వచ్చేసరికి తండ్రి గ్లాసు కింద పెట్టాడు. లేచిపోయి షట్టర్ దించాడు.

సృజన గల్లా పెట్టె పక్కన నిలబడి ఉంది. పెళ్లికి ముందు నాలుగేండ్లు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే పని చేసింది. ఆ నాలుగేండ్లలో లింక్డ్‌ఇన్‌లో నాలుగు వేల మంది పరిచయమయ్యారు. దుకాణం బేరాలు తగ్గుతుంటే ఆ నాలుగు వేల మందికీ దుకాణం సంగతులు చెప్పటం మొదలుపెట్టింది.

"నౌకరీలు దొరికే కాడ చీరెలమ్ముడేందే?" అని అత్త ఐలవ్వ నవ్వింది అప్పుడు.

"నౌకరి దొరికినోళ్లే గదా అత్తమ్మా చీరెలు కొనేది," అంది సృజన.

ఆ మాటకు రాజయ్య కూడా నవ్వాడు. అది రెండు నెలల కిందటి మాట.

*

"మళ్ల సదువు," అంది ఐలవ్వ.

ఆమె గద్దె మీద మూలకు కూర్చుని ఉంది. ఒడిలో ఇత్తడి భరిణె. ఆ దుకాణంలో కొన్న ప్రతి కొత్త బట్ట కొసకూ ఇంత పసుపు పెట్టి ఇవ్వటం ఐలవ్వ పని. ఆమె లేనప్పుడు సృజన పని.

"ఎందుకత్తమ్మా మళ్లీ," అంది సృజన.

"నేను సగమే ఇన్న. పొయ్యి మీద పాలున్నయని లేచిపోతి. సదువు."

రంజిత్ ఫోన్ తీశాడు. ఈసారి అతని గొంతులో ఉత్సాహం లేదు.

"ఒక తండ్రి నాకు నేర్పిన మూడు వ్యాపార పాఠాలు. నిన్న మా దుకాణానికి ఒక రైతు వచ్చాడు. తన బిడ్డకు చీర కావాలన్నాడు. మొదటి పాఠం. ఆయన ధర అడగలేదు. నేను మొదట తీసిన నీలం చీరనే చాలన్నాడు. ప్రేమ బేరం చెయ్యదు. రెండో పాఠం. మా దుకాణం పేరున్న కవర్‌ను ఆయన తీసుకోలేదు. భుజం మీది కండువాలో చీరను చుట్టుకున్నాడు. పల్లెటూరి మనిషికి భూమి మీద ఉన్న శ్రద్ధ మనకు లేదు. మూడో పాఠం..."

"ఆగు," అంది ఐలవ్వ. కోడలి వైపు తిరిగింది. "పసుపు పెట్టినవా?"

"గదే మూడో పాఠం అత్తమ్మా. పెట్టబోయిన. బట్ట మీద చెయ్యి అడ్డం పెట్టిండు. వద్దు బిడ్డా అన్నడు. ఇంట్ల వాళ్ల అవ్వ చేతుల మీద పెట్టిస్తడు గావొచ్చు అనుకున్న. గట్లనే రాసిన."

ఐలవ్వ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

షట్టర్ కింది నుంచి ఎండ లోపలికి వచ్చి, మడత పెట్టని చీరల మీద పడింది. రంజిత్ తల్లి మొహం చూశాడు, తండ్రి మొహం చూశాడు. అతని చేతిలో ఫోన్ మెల్లగా కిందికి దిగింది.

"తల్లిగారి చీర," అన్నాడు రాజయ్య.

సృజనకు ఆ మాట తెలుసు. మొగడు చనిపోయిన బిడ్డకు పుట్టింటివాళ్లు తెచ్చి కప్పే చీర. చిన్నప్పుడు ఆసిఫాబాద్‌లో, మేనత్త ఇంట్లో అట్లాంటి చీర ఒకటి తలుపు చాటు నుంచి చూసింది. పిల్లలుండొద్దు పోండ్రి అని ఎవరో తరిమారు. ఆ చీరను ఎవరు కొంటారు, ఎక్కడ కొంటారు, ఎట్లా అడుగుతారు అన్నది ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"నాకెవ్వరు చెప్పలే మామా," అంది.

"గివ్వి చెప్తరా ఎవలన్న?" అంది ఐలవ్వ. "మనిషి మొఖం చూస్తే తెల్వదా? నువ్వు మొఖం యాడ చూసినవ్. ఎనక నుంచి ఫొటో తీస్తివి."

"మొహం పడకుండా తీస్తే మర్యాద అని..."

"మర్యాద," అంది ఐలవ్వ.

"ఊకో," అన్నాడు రాజయ్య భార్యతో. కోడలి వైపు చూడకుండా మెల్లగా చెప్పాడు. "గా చీరకు బేరముండదు బిడ్డా. దుకాణం పేరున్న సంచి ఇయ్యం. మళ్ల రండ్రి అనం. పసుపు అసలే తాకనియ్యం. ముప్పై ఎనిమిదేండ్లాయె గీ గద్దె మీద కూసోబట్టి. ఊళ్లె ఎవలు పోయింది ఊరి కంటె ముందుగాల మనకు తెలుస్తది. తెలిసినోడు నోరు మూసుకోవాలె. గదే మన దుకాణం పేరు."

సృజన తల వంచుకుంది. మొన్న ఆ మనిషి మెట్లు దిగుతుంటే తను వెనక నుంచి అన్న మాట గుర్తొచ్చింది. మళ్లీ రండి అంకుల్. ఆయన ఆగాడు. తిరగలేదు. ఆ ఆగినప్పుడే ఆమె ఫొటో తీసింది.

"పసుపు తాకితే ఏమైతది?" అన్నాడు రంజిత్.

"ఏమైతదంటె ఏం చెప్పాలె," అంది ఐలవ్వ. "గా బట్టకు పసుపు తాకితే గా ఇంట్ల ఇంకో చావు అయితదంటరు. మా అత్త చెప్పంగ ఇన్న. నేనెన్నడు చూడలే. చూడొద్దు."

*

రంజిత్ చూపించిన ఫొటోలో మనిషిని వీపు చూసే గుర్తుపట్టటానికి రాజయ్యకు క్షణం పట్టలేదు. వంగిన కుడి భుజం, ఎర్ర అంచు కండువా. పక్క ఊరి ఓదెలు. ఇరవై ఏండ్లుగా పెండ్లికైనా పేరంటానికైనా ఈ గద్దె మీదే కూర్చుని చీరలు తీయించి, రూపాయి రూపాయికి కొట్లాడి, పోయేటప్పుడు రెండు కవర్లు ఎక్కువ అడిగి పట్టుకుపోయే ఓదెలు.

చిన్న ఫోన్ తీసి నంబరు నొక్కాడు. ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నా గదంతా వినపడుతుంది.

"రాజన్నా," అంది అవతలి గొంతు.

"ఏడున్నవ్ తమ్మీ?"

"హైదరాబాద్‌ల. ఎయిర్‌పోర్టు కాడ. నేను, అల్లుని అన్న." కాసేపు బండ్ల చప్పుడు వినిపించింది. "కాయితాలు అయినై అంటుండ్రు. పెట్టె రేపు పొద్దుగాల దిగుతదట."

రాజయ్య కళ్లు మూసుకున్నాడు. "ఎట్లాయె?"

"షార్జాల. పని కాడ్నే పడిపోయిండట సంపత్. గుండె అంటుండ్రు. ముప్పై ఏండ్లు లేవు పిలగానికి. ఆరు రోజులాయె అన్నా."

"ఇంట్ల తెలుసునా?"

"ఎవ్వరికి తెల్వది. బిడ్డకే కాదు, దాని అవ్వకు సుత చెప్పలే. చెప్తే దాని నోట్ల ఆగదు. నవ్యకు తొమ్మిదో నెల, కాన్పుకు మా ఇంట్లనే ఉండె. పోయిన నెల బీపీ మస్తు పెరిగి కండ్లు తిరిగి పడ్డది. జర సుత పరేషాన్ చెయ్యొద్దు, తల్లీ పిల్లా ఇద్దరు దక్కరు అన్నది డాక్టరమ్మ. సంపత్ ఫోన్ పాడైందని చెప్పిన. రేపు డాక్టరమ్మ ఇంటికొస్త అన్నది. ఆమెను పక్కన పెట్టుకోని చెప్తం. గంత దాంక ఎట్లన్న ఆపాలె."

"ఆపాలె," అన్నాడు రాజయ్య.

"నువ్వు ఊళ్లె లేకుంటివి. మీ కోడలిచ్చింది చీర. మంచి పిల్ల. ఏం అడగలే." ఓదెలు గొంతు తగ్గించాడు. "బియ్యం డబ్బల అడుగున పెట్టిన. ఎందుకన్నా? ఎట్ల తెలిసె నీకు?"

రాజయ్య కోడలి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకే ఆమె దాన్ని తట్టుకోలేక గోడ వైపు తిరిగింది.

"దుకాణపోన్ని గదా," అన్నాడు. "పైలం తమ్మీ."

ఫోన్ పెట్టేసిన తర్వాత మొదట కదిలింది సృజనే. నవ్య అన్న పేరు ఆమెకు ఎక్కడో తగిలింది. వాళ్లింట్లో కాదు, బజారులో కాదు. ఫోన్ చేతిలోకి తీసుకుంది. పోస్టు కింద రెండు వందల ముప్పై కామెంట్లున్నాయి. వేలితో కిందికి జరుపుతూ పోయింది.

"ఏం చూస్తున్నవ్? తీసెయ్యరాదు," అన్నాడు రంజిత్. ఇప్పుడు ఆ మాట అంటున్నది అతనే.

"ఆగు."

నవ్యశ్రీ. హుజూరాబాద్‌లో కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేది. మూడు నెలల కింద, ఇంట్లో ఉండి చేసుకునే ఉద్యోగం ఏదైనా ఉంటే చెప్పక్కా అని సృజనకు మెసేజ్ పెట్టింది. మా ఆయన ఇంకెన్నాళ్లు ఆ ఎడారిలో, నాకొక నౌకరి దొరికితే వచ్చేస్తాడు అని రాసింది. సృజన ఆమె ప్రొఫైల్ సరిదిద్దింది కూడా. మొహం ఎన్నడూ చూడలేదు.

నిన్న సాయంత్రం ఆమె కామెంటు పెట్టింది.

"ఈయన మా బాపే అక్కా. వీపు చూసి పట్టుకున్నా. చీర నాకే కావచ్చు, ఇంకా చూపించలేదు. పండుగకు దాచినట్టున్నాడు."

దాని కింద ఇరవై మంది ముక్కూ మొహం తెలియనివాళ్లు నువ్వు అదృష్టవంతురాలివని రాశారు. ఆమె ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పింది.

అన్నిటికన్నా పైన సృజన జవాబుంది. కామెంటు పెట్టిన గంటలోపు జవాబిస్తే పోస్టు ఇంకా ఎక్కువ మందికి పోతుందని, కూర తాలింపు పెడుతూ, బట్టలు ఆరేస్తూ అందరికీ ఇచ్చినట్టే ఈమెకూ ఇచ్చింది. ఎవరికి ఏం రాసిందో ఇప్పుడు చదివితే తప్ప ఆమెకే తెలియదు.

"చాలా సంతోషం నవ్యా. చీర తీసుకొని మా దుకాణానికి రా. దానికి సరిపోయే రవిక బట్ట మా తరఫున ఉచితం."

సృజన చదివింది. మళ్లీ చదివింది. గట్టిగా చదవమని ఎవరూ అడగలేదు కానీ చదివింది.

"నీ నోట్ల మన్నువడ," అంది ఐలవ్వ. అంటూనే కళ్లు తుడుచుకుంది.

సృజన పోస్టు తీసేసింది. ఇంత పనికి ఒక్క వేలు చాలు.

"నీది తీసేస్తే అయిపోలే," అన్నాడు రంజిత్. అతను తన ఫోన్ చూస్తున్నాడు. "హైదరాబాద్‌ల ఎవడో బ్రాండ్ కోచ్ అట. నీ ఫొటో, నీ రాత మొత్తం వాని పేరు మీద పెట్టుకున్నడు. తొమ్మిది వేల మంది మెచ్చుకున్నరు."

"అడిగిన. పొద్దున్నే మెసేజ్ పెట్టిన, మన పేరు వెయ్యమని," అంది సృజన.

"ఇప్పుడు ఏమని పెడ్తవ్? చావు చీర అని పెడ్తవా?"

రంజిత్ ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చి పడింది. అతను చూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవలు?" అన్నాడు రాజయ్య.

"నవీన మేడం. బయలెల్లిందట." తండ్రి వైపు చూడకుండా అన్నాడు. "గా తండ్రిని పిలిపిస్తే చిన్న వీడియో తీస్తదట."

రాజయ్య లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"మీ అవ్వను బండి మీద ఓదెలు ఇంటి కాడ దించు. రేపటి దాంక ఆడనే ఉంటది. గా పిల్లను ఇల్లు దాటనియ్యదు, ఫోన్ చూడనియ్యదు. ఏదో ఒక ముచ్చట పెడ్తది."

"మేడం మూడింటికి..."

రాజయ్య కొడుకు మొహంలోకి చూశాడు.

రంజిత్ బండి తాళం తీసుకున్నాడు. ఐలవ్వ భరిణె మూత బిగించి లేచింది. రంజిత్ వంగి షట్టర్ పైకి తోశాడు. అది కిరకిరమంటూ నెత్తి దాకా లేచేసరికి, దుకాణం ముందు ఒక ఆటో ఆగింది.

*

పిల్ల సన్నగా ఉంది. కడుపు మాత్రం నిండుగా ఉంది. ఒక చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కిందికి దించింది. భుజానికి గుడ్డ సంచి. రెండు మెట్లెక్కి ఆయాసపడి ఆగింది.

"సృజనక్క ఎవరు?" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూసి సృజన గల్లా పెట్టె పట్టుకుంది.

"నేనే."

"నేను నవ్యశ్రీని అక్కా. రవిక బట్ట ఉచితం అన్నవ్ గదా. ఉచితమంటె మా ఊరు ఊరే వస్తది. నేనే ముందుగాల ఉరికొచ్చిన."

రంజిత్ తాళం చేతిలో అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఐలవ్వ గబగబా స్టూలు తెచ్చింది. పిల్ల చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నీళ్లు తెచ్చింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? నిండు మనిషివి. మీ అవ్వ ఎట్ల పంపింది?"

"స్కానింగ్‌కని చెప్పిన. అవ్వకు కాళ్ల నొప్పులు. ఒక్కదాన్నే పోతనన్న." నీళ్లు తాగి గ్లాసు ఇచ్చింది. "పెద్దబాపూ, మంచిగున్నవా?"

"మంచిగున్న బిడ్డా," అన్నాడు రాజయ్య. ఆయన మళ్లీ గద్దె మీద కూర్చున్నాడు. ఆయన చేతులు ఒక చీరను మడత పెడుతున్నాయి. మడత పెట్టినదాన్ని విప్పి మళ్లీ మడత పెడుతున్నాయి.

"ఏ రంగు కావాలె నవ్యా?" అంది సృజన. "చాలా రకాలున్నాయి, చూపిస్తాను." భయం వేసినప్పుడు ఆమె మాటలోకి హైదరాబాద్ వస్తుంది.

"ఆటోల వస్తుంటె పోస్టు చూద్దామనుకున్న. కనవడ్తలేదు. తీసేసినవా అక్కా?"

"అవును. అంటే... ఫొటో సరిగ్గా రాలేదని."

"పోనీ తీ. నాకు నోటికి వచ్చింది." నవ్యశ్రీ నవ్వింది. "నిన్నటి సంది ఎన్నిసార్లు సదివిన్నో లెక్కలేదు. మా బాపును ఎవలన్న గింత మంచిగ రాస్తరా అని. సంపత్‌కు సుత పంపిన. ఒక్క టిక్కే పడ్డది. ఫోన్ పాడైందట ఆయినది. ఆరు రోజులాయె."

"అయితయి, ఫోన్లు పాడైతయి," అంది ఐలవ్వ. "గాడ ఎండలు గట్లుంటయి."

"బాపు సుత గిదే అన్నడు. ఎండలకు పాడైందని." ఆమె ఐలవ్వ వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. "నీకెవలు చెప్పిండ్రు పెద్దవ్వా?"

ఐలవ్వ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోబోయింది. పోలేదు. గ్లాసు గద్దె మీద పెట్టి భరిణె చేతిలోకి తీసుకుంది.

సృజన రవిక బట్టల కట్ట తెచ్చి గద్దె మీద పరిచింది. నీలం, ముదురు నీలం, నెమలి రంగు. నవ్యశ్రీ వాటిని వేళ్లతో తడిమింది కానీ చూడలేదు.

"అక్కా, నేనొకటి అడుగుత. నువ్వు సదువుకున్నదానివి. నవ్వొద్దు."

"అడుగు."

"మా బాపు ధర అడగలేదని రాసినవ్. మా బాపు కొత్తిమీర కట్ట కొన్నా రెండు రెమ్మలు కొసరు అడుగుతడు. నా పెండ్లి చీర గీ గద్దె మీదనే కొన్నం. నాలుగు గంటలు బేరం చేసిండు. నీకు యాదున్నదా పెద్దబాపూ?"

"యాదున్నది," అన్నాడు రాజయ్య.

"గప్పుడు నువ్వు ఏమన్నవ్?"

"ఓదెలూ, నీ బిడ్డ పెండ్లి అయ్యేలోపు నా దుకాణం ఎత్తిపోతది అన్న."

ఎవరో ఒకరు నవ్వాల్సిన మాట అది. నవ్యశ్రీ ఒక్కతే నవ్వింది. ఆ నవ్వు పెదవుల దాకానే వచ్చింది.

"కవర్ వద్దన్నడని రాసినవ్. మా ఇంట్ల తలుపు ఎనక మీ దుకాణం కవర్లే పన్నెండున్నయి. ఒక్కటి పారెయ్యడు. విత్తనాలు గవ్విట్లనే పోసి పెడ్తడు." వేళ్లు మడిచింది. "రెండాయె."

మూడోది ఆమె చెప్పలేదు. సంచి ఒళ్లోకి తీసుకుంది.

"పొద్దుగాల బియ్యం తీద్దామని డబ్బల చెయ్యి పెట్టిన. బియ్యం అడుగువట్టినయి. బాపు లేడు, యాడికో పోయిండు. చెయ్యికి మెత్తగ తాకింది."

సంచిలోంచి ఎర్ర అంచు కండువా మూట తీసింది. విప్పింది. నీలం చీర. మడతల్లో అక్కడక్కడా బియ్యం నూకలు అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా దులిపింది. తొందర లేదు. తర్వాత కొంగు వెతికి, దాని కొస పట్టుకుని గద్దె మీద పరిచింది.

"కొస చూసిన. పసుపు లేదు. మీరు ఎవలకూ పసుపు పెట్టకుంట ఇయ్యరని మా అవ్వ ఎప్పుడు అంటది." కొసను మళ్లీ ఒకసారి తిప్పి చూసింది. "మర్చిపోయినట్టున్నరు."

రంజిత్ జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. అతను చెయ్యి జేబు దాకా పోనివ్వలేదు.

ఐలవ్వ భరిణెను రెండు చేతులా పొట్టకు హత్తుకుంది. ఆమె అట్లా హత్తుకోవటం నవ్యశ్రీ చూసింది. ఆమె ఒక చెయ్యి కడుపు మీదికి పోయింది. ఆమె మొహం చెమట పట్టి ఉంది. ముక్కు పక్కన, పెదవి పైన చెమట చుక్కలు నిలబడి ఉన్నాయి.

"పెద్దబాపూ, పెట్టుమను," అంది. "పసుపు పెట్టే చీరే గదా గిది."

రాజయ్య మడత పెడుతున్న చీర పక్కన పెట్టాడు. లేచాడు. భార్య చేతుల్లోంచి భరిణె తీసుకున్నాడు. ఐలవ్వ వదలలేదు. ఆయన ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడిపించాడు. ముప్పై ఎనిమిదేండ్లలో అట్లాంటి చీర దగ్గరికి రానివ్వని భరిణెను తెచ్చి సృజన ముందు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

పెట్టు అనలేదు. వద్దు అనలేదు.

సృజన మూత తీసింది. పసుపు వాసన వచ్చింది. ఉంగరపు వేలు పసుపులో ముంచింది. వేలు పైకి తీసి, చీర మీదికి తేకుండా ఆపింది. ఎదురుగా కూర్చున్న పిల్ల అది చూసింది.

నవ్యశ్రీ చీర కొసను రెండు చేతులా పట్టి ఆమె ముందుకు చాచింది.

"పెట్టు అక్కా," అంది. "నువ్వు పెడితె నేను ఇంటికి పోత."